రీసీట్ అంటే రీసెట్ కాదు: ఒక ఇంగ్లిష్ క్రియ, దాని వెనకున్న పనులు

కంప్యూటర్ ఆన్ అవుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. ఫోన్లో అవతలి టెక్నీషియన్ “ర్యామ్ ఒకసారి రీసీట్ చేసి చూడండి” అంటాడు. ఇవతల చెవిన పడేది “రీసెట్”. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు, మళ్లీ ఆన్ చేస్తారు, తెర అలాగే ఉంటుంది. “చేశానండీ, రాలేదు” అంటారు. అవతల ఆయన చెప్పిన పని ఇంకా మొదలే కాలేదు.

తెలుగు చెవికి దగ్గర దగ్గరగా వినిపించే ఇంగ్లిష్ మాటలు ఇక్కడ నాలుగున్నాయి. రీసెట్ అంటే అమరికలను మొదటి స్థితికి తేవడం, లేదా యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టడం. లోపలి భాగాన్ని దేన్నీ ఊడదీయనక్కర్లేదు. రిసీట్ అంటే డబ్బు కట్టినప్పుడు ఇచ్చే రసీదు. స్పెల్లింగులో ‘పీ’ ఉన్నా పలకరు, మొదటి అచ్చు పొట్టిగా ఉంటుంది. రీసిట్ అంటే తప్పిన పరీక్ష మళ్లీ రాయడం, మనం సప్లిమెంటరీ అనేదానికి బ్రిటన్ మాట. నాలుగోది మన రీసీట్. రెండు అచ్చులూ దీర్ఘాలే, ఊనిక రెండోదాని మీద. ఉన్నచోటి నుంచి తీసి, మళ్లీ అదే చోట సరిగ్గా కూర్చోబెట్టడం దాని అర్థాల్లో ఒకటి. ఒకటి మాత్రమే. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ క్రియ గుట్టంతా ‘సీట్’ అనే నామవాచకంలో ఉంది. సీట్ అనగానే మనకు బస్సులో సీటు, ఇంజనీరింగ్ సీటు, ఎమ్మెల్యే సీటు గుర్తొస్తాయి. పనిచేసే చేతులకు సీటు అంటే వేరు. ఒక వస్తువు వచ్చి కదలకుండా, కారకుండా, సందు లేకుండా ఆనుకోవడానికి చేసిన చోటు. వాల్వుకు సీటుంది, కుళాయికి సీటుంది, చిప్పుకు సాకెట్ ఉంది, టైరు అంచుకు రిమ్ము మీద గాడి ఉంది. ఈ అర్థాన్ని పట్టే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది: కుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేలమీద నిలవదు, దొర్లుతుంది. దాని కింద గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్టిన వలయం పెడతారు. అదే కుదురు. ఆ మాట కుటుంబంలోంచే “కుదురుగా కూర్చో” వచ్చింది, “సంబంధం కుదిరింది” వచ్చింది, కట్టుడుపళ్లు పెట్టుకున్నవారు “సెట్టు నోట్లో కుదరలేదు” అనడమూ వచ్చింది. ఇంగ్లిష్‌లో ‘సిట్’ అంటే తాను కూర్చోవడం, ‘సీట్’ అంటే మరొకరిని కూర్చోబెట్టడం. తెలుగులో కుదరడం, కుదర్చడం అనే జంట కూడా అలాంటిదే.

ఇంగ్లిష్ ‘సీట్’ పాత నార్స్ భాష నుంచి వచ్చింది. దాని మూలధాతువూ, సంస్కృతంలో సదనం, సదస్సు అనే మాటలకు పుట్టుకైన ‘సద్’ ధాతువూ ఒకే తల్లివేరు పిలకలు. పక్షిగూటిని సంస్కృతంలో నీడం అంటారు, ఇంగ్లిష్‌లో నెస్ట్ అంటారు. ఆ రెండూ కూడా అదే వేరులోంచి వచ్చినవే: కిందికి కుదురుగా కూర్చునే చోటు అని. రీసీట్ క్రియ 17వ శతాబ్దం నుంచి ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది. యంత్రాల మాటగా అది స్థిరపడింది చాలా తర్వాత.

ఇప్పుడు అసలు చిక్కుముడి. రీసీట్‌కు రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి, కుదురు బాగానే ఉంది, అందులో ఉండాల్సిన వస్తువు సరిగ్గా లేదు. తీసి మళ్లీ పెడతాం. రెండు, వస్తువు సంగతి అలా ఉంచితే, కుదురే అరిగిపోయింది. కుదురునే కొత్తగా చెక్కుతాం, లేదా మారుస్తాం. “రీసీట్ ద వాల్వ్” అని మాన్యువల్‌లో ఒక వాక్యం కనిపిస్తే అది ఈ రెండింట్లో ఏదైనా కావచ్చు. మొదటిదైతే ఐదు నిమిషాల పని. రెండోదైతే ఇంజిన్ హెడ్ (సిలిండరు పైమూత) విప్పాలి. చుట్టూ ఉన్న వాక్యాలు చూడకుండా తేల్చుకోకూడదు. చేతిలోకి కట్టరో, గ్రైండింగ్ పేస్టో తీసుకోమని అదే పేజీలో ఉంటే అది రెండో దారి.

తీసి మళ్లీ పెడితే ఎందుకు పనిచేస్తుంది?

మొదటి దారికి అందరికీ తెలిసిన ఉదాహరణ ర్యామే, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ. తీసి పెట్టడంలో మాయ ఏమీ లేదు, కారణం స్పష్టంగా ఉంది. ర్యామ్ కార్డు అంచున బంగారు పూత పూసిన పలకలుంటాయి. పాత తరం డీడీఆర్3 డెస్క్‌టాప్ కార్డుకు 240, తర్వాతి తరం డీడీఆర్4కు 288. వీటిలో ఏ ఒక్కటి సాకెట్లోని స్ప్రింగు పిన్నును సరిగ్గా తాకకపోయినా సిస్టమ్ లేవకపోవచ్చు. కంప్యూటర్ వేడెక్కినప్పుడు లోహం సాగుతుంది, చల్లారినప్పుడు ముడుచుకుంటుంది. రోజూ జరిగే ఈ సాగుడు ముడుపుల్లో పిన్నూ పలకా ఒకదానిమీద ఒకటి కంటికి కనిపించనంత కొద్దిగా రాసుకుంటాయి. ఆ రాపిడికి పూత అరిగి, లేచిన పొడి గాలి తగిలి ఆక్సైడుగా మారి, మధ్యలో పలుచని పొరలా నిలుస్తుంది. దానికి దుమ్మూ తేమా తోడవుతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి కూడా కలుస్తుంది. కార్డును తీసి మళ్లీ దింపినప్పుడు స్ప్రింగు పిన్ను పలకను పైనుంచి కిందికి గీరుతూ జారుతుంది. ఆ గీరుడుకే పొర తొలగి లోహం లోహాన్ని తాకుతుంది. జబ్బును నయం చేసేది ఈ గీరుడే.

సాకెట్లలో పెట్టిన చిప్పులు వేడికీ చల్లదనానికీ మెల్లగా పైకి జరుగుతూ వచ్చేయడం 1980ల కంప్యూటర్లలో మామూలు. 1980లో వచ్చిన ఆపిల్ 3 దీనికి పేరుపడింది. యంత్రాన్ని బల్లమీంచి కొన్ని అంగుళాలు ఎత్తి వదిలేస్తే చిప్పులు మళ్లీ కూర్చుంటాయని సలహా ఇచ్చేవారు. అప్పటి యంత్రానికి అది చెల్లింది. ఇప్పటి హార్డ్‌డిస్కు ఉన్న కంప్యూటర్‌ను అలా ఎత్తి వదిలితే డిస్కు పోతుంది.

చేసే వరుస ఇది. ముందు షట్‌డౌన్ చేసి, వెనక ప్లగ్గు పూర్తిగా తీసేయాలి. ఆ తర్వాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్షన్ కూడా ఊడదీయాలి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ కరెంటును వదిలించుకోవాలి. సాకెట్ చివరల క్లిప్పులు బయటికి తెరిచి, కార్డును రెండు అంచులూ పట్టి నిటారుగా పైకి తీయాలి. పలకలను వేలితో ముట్టుకోకూడదు, చేతి చెమటలో ఉప్పుంటుంది. నూగు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపి ఒకే దిశలో తుడిచి, ఆరనివ్వాలి. మన రిపేరు షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దడం బాగా అలవాటు. పొర పోతుంది, నిజమే. కానీ రబ్బరు పొడి సాకెట్లో పడుతుంది, మైక్రాన్లలో కొలిచే బంగారు పూత కూడా దానితోపాటు పోతుంది. ఆల్కహాల్ దొరికినప్పుడు రబ్బరు జోలికి వెళ్లకపోవడమే మేలు.

తిరిగి పెట్టేటప్పుడు కార్డులోని గాటు, సాకెట్లోని గట్టు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పలకలే ఉన్నా గాటు చోటు వేరు. దిగడం లేదంటే బలం చాలలేదని కాదు, కార్డు ఆ సాకెట్‌ది కాదని. గాటు కలిసిందంటే మాత్రం రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా, గట్టిగా నొక్కాలి. ఇక్కడ చాలామంది భయపడి సగంలో ఆపేస్తారు. క్లిప్పు టక్కుమని దానంతటదే మూసుకోవాలి. కొన్ని మదర్‌బోర్డులకు ఒకవైపే క్లిప్పు ఉంటుంది. అలాంటప్పుడు రెండోవైపు అంచు ఒక మిల్లీమీటరు లేచి ఉండిపోయినా పైనుంచి చూస్తే తెలియదు. కళ్లను సాకెట్ ఎత్తుకు దించి పక్కనుంచి చూడాలి. నాలుగు సాకెట్లున్న బోర్డులో రెండే కార్డులుంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి.

డీడీఆర్5 బోర్డుల విషయంలో ఒక జాగ్రత్త. ర్యామ్ తీసిపెట్టాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు మెమరీ వేగాలను కొత్తగా సరిచూసుకుంటుంది. తెర కొన్ని నిమిషాలపాటు నల్లగానే ఉండొచ్చు. పాడైందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రాసెసర్‌ను రీసీట్ చేయడం దీనికంటే ప్రమాదకరం. దాని వేడిని లాగే హీట్‌సింక్ తీసిన ప్రతిసారీ, రెండింటి మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్టు తుడిచేసి కొత్తది పెట్టాల్సిందే. పాతదాని మీదే మళ్లీ బిగిస్తే మధ్యలో గాలి చేరి వేడి ఎక్కుతుంది. ఏఎండీ ఏఎం4 తరం ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు జిగురులా పట్టేసి, హీట్‌సింక్‌ను పైకి లాగగానే లివరు వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగిపోతాయి. అందుకే ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి పేస్టు మెత్తబడ్డాక ఆపి, హీట్‌సింక్‌ను కొద్దిగా ఇటూ అటూ తిప్పి పట్టు వదిలించి, అప్పుడు ఎత్తాలి.

ఇంకొకటి, కనెక్టర్లకు ఆయుష్షుంది. కంప్యూటర్ లోపల హార్డ్‌డిస్కును కలిపే సాటా కనెక్టర్‌ను 50 సార్లు తీసిపెట్టడానికి సరిపోయేలా రూపొందించారు. ర్యామ్ సాకెట్లకు తయారీదారులు ఇచ్చే లెక్క అంతకంటే తక్కువగా, మామూలుగా 25 దగ్గర ఉంటుంది. సమస్య వచ్చినప్పుడు చేయాల్సిన పని ఇది, నెలనెలా చేసే సర్వీసింగ్ కాదు.

కుదురే అరిగితే

రెండో దారికి ఇంట్లోనే ఉన్న ఉదాహరణ కుళాయి. పాతరకం, పిడిని నాలుగైదు చుట్లు తిప్పే ఇత్తడి కుళాయి సంగతి చెబుతున్నా. పిడి తిప్పితే స్పిండిల్ అనే కడ్డీ కిందికి దిగి, దాని చివరి రబ్బరు వాషరు ఇత్తడి సీటు మీద ఆనుకుని నీళ్లు ఆపుతుంది. బొట్టు బొట్టుగా కారడం మొదలైతే అందరూ వాషరు మారుస్తారు, చాలాసార్లు అది చాలు. కానీ కొత్త వాషరు వేసిన వారానికే మళ్లీ కారితే తప్పు వాషరుది కాదు. దాన్ని బయటికి తీసి చూడండి. సీటు ఒత్తుకున్న వలయం గుర్తు వాషరు మీద ఉంటుంది. వలయం చుట్టూ సమంగా ఉంటే సరే. ఒకచోట తెగినట్టో, ఒకచోట అసలు గుర్తే లేనట్టో కనిపిస్తే, సీటుకు సరిగ్గా ఆ చోట గాటు పడింది.

ఇత్తడికి గాటు ఎలా పడుతుంది? సరిగ్గా మూయని కుళాయిలో నీళ్లు వెంట్రుకంత సందులోంచి చాలా వేగంగా వెళతాయి. నెలల తరబడి ఒకేచోట అలా వెళ్తే ఆ సన్నని ధారే లోహాన్ని కోసేస్తుంది. బోరునీళ్ల ఊళ్లలో గార కూడా తోడవుతుంది. సీటు మీద పేరుకున్న ఉప్పుగార ముక్క వాషరును పైకెత్తి పట్టి సందు చేస్తుంది, ఆ సందులోంచి ధార మొదలవుతుంది. కారుతోందని పిడిని ఇంకా ఇంకా బిగిస్తే రబ్బరు నలిగి చిరుగుతుంది, సీటు అంచు దెబ్బతింటుంది.

దీనికి సీటు కట్టర్ ఉంటుంది. చిన్న పిడి, మధ్యలో మరలు, కింద పళ్లున్న గుండ్రటి బిళ్ల. ట్యాంకు నుంచి వచ్చే గేట్ వాల్వు మూసి, కుళాయి తెరిచి మిగిలిన నీళ్లు వదిలేయాలి. ఒక స్పానరుతో కుళాయి ఒంటిని కదలకుండా పట్టి, రెండోదానితో తలభాగం విప్పాలి. ఒంటిని పట్టకపోతే గోడలోని పైపు మెలితిరిగి అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది. కుళాయి కొలతకు సరిపోయే బిళ్లను ఎంచి, కట్టర్‌ను నిటారుగా దించి, తేలిగ్గా నొక్కుతూ రెండు మూడు చుట్లు తిప్పి, తీసి వేలితో తడిమి చూడాలి. నున్నగా తగిలితే ఆపేయాలి. ఎక్కువ తిప్పితే సీటు పలుచబడి కుళాయే పనికిరాదు. చివరగా గేట్ వాల్వు కొద్దిగా తెరిచి ఇత్తడి రజను కడిగేశాకే కొత్త వాషరు వేయాలి. పావు చుట్టుతో తెరుచుకునే కొత్త కుళాయిల్లో సిరామిక్ బిళ్లలుంటాయి. వాటికి ఈ పని కుదరదు, కార్ట్రిడ్జి మొత్తం మార్చాల్సిందే.

ఇదే పని ఇంజిన్లో చేస్తే దానికి ఎంతో ఓపిక కావాలి. మెకానిక్కులు “వాల్వ్ సీటింగ్ పోయింది” అంటారు. బండి లాగదు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదు, కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. వాల్వు తల అంచు, హెడ్‌లో బిగించిన సీటు వలయం, రెండూ ఎక్కువ ఇంజిన్లలో 45 డిగ్రీల వాలులో కలుస్తాయి. ఆ కలిసే పట్టీ ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పే. ఇంజిన్లో మండే వాయువు బయటికి పోకుండా ఆపేది అదే. ఎగ్జాస్ట్ వాల్వు తన ఒంటి వేడిని హెడ్‌కు అందించేది కూడా ఎక్కువగా ఆ పట్టీ గుండానే. పట్టీ చెడితే వేడి పోయే దారి మూసుకుని వాల్వు అంచు కాలిపోతుంది.

పెట్రోల్లో సీసం కలిపిన రోజుల్లో అది సీటు మీద పలుచని పొరగా నిలిచి అరుగుదలను ఆపేది. మన దేశంలో 2000లో సీసం లేని పెట్రోలే అంతటా వచ్చేసింది. ఆ మార్పుకు ముందు తయారైన కొన్ని పాత బండ్లలో మెత్తటి సీట్లు వాల్వు దెబ్బలకు లోపలికి కుంగిపోయేవి. ఎల్పీజీ, సీఎన్జీ ఆటోలకు ఇప్పటికీ వాల్వు సీట్ల బెడద ఎక్కువే. గ్యాసు పొడిగా వస్తుంది, ద్రవ ఇంధనంలా తడిపి చల్లబరచదు.

గాట్లు లోతుగా లేకపోతే పేస్టుతో గ్రైండింగ్ చాలు. సీటు మీద కొంచెం ముతక పేస్టు రాసి, వాల్వు కాడకు చుక్క నూనె వేసి లోపలికి దింపి, తలకు రబ్బరు కప్పున్న కర్ర అంటిస్తారు. ఆ కర్రను రెండు అరచేతుల మధ్య, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు, ఇటూ అటూ తిప్పుతారు. ఏడెనిమిది సార్లు తిప్పాక వాల్వును పైకెత్తి, పావు చుట్టు జరిపి, మళ్లీ దింపి తిప్పాలి. ఎత్తకుండా ఒకేచోట తిప్పితే పేస్టు రవ్వలు సీటు చుట్టూ గీతలు కోస్తాయి, ఆ గీతల వెంటే గ్యాసు కారుతుంది. మొదట చేతికి గరగరమని తెలుస్తుంది. పేస్టు అరిగేకొద్దీ ఆ గరగర తగ్గి మెత్తబడుతుంది. అప్పుడు తుడిచి మెత్తటి పేస్టు వేయాలి. చివరికి సీటు మీదా వాల్వు మీదా మసక బూడిదరంగు పట్టీ, ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పుతో కనిపించాలి.

పరీక్ష ఇలా: సీటు మీద అడ్డంగా పెన్సిలుతో సన్నగీతలు గీసి, వాల్వు దింపి పావు చుట్టు తిప్పి తీయాలి. గీతలన్నీ చెరిగితే చుట్టూ ఆనుతోంది. ఒకచోట గీత మిగిలితే అక్కడ ఆనలేదు. తర్వాత స్ప్రింగులు బిగించి, వాల్వు వెనకున్న దారిలో (పోర్టులో) కిరోసిన్ పోసి కొన్ని నిమిషాలు చూస్తారు. వాల్వు చుట్టూ తడి కనిపించకూడదు.

గాట్లు లోతుగా ఉంటే పేస్టుతో రుద్దుతూ కూర్చోకూడదు. వాల్వు సీటులోకి కుంగిపోతుంది. అప్పుడు సీటు కటింగ్ చేయించాలి. ఆనే పట్టీ 45 డిగ్రీల్లో కోసి, పైనుంచి 30, కిందినుంచి 60 డిగ్రీల కోతలతో ఆ పట్టీని కావాల్సిన వెడల్పుకు, వాల్వు తల వాలు అంచు మధ్యకు తెస్తారు. వాల్వు తల అంచు మందం మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు కంటే తగ్గితే ఆ వాల్వు ఉంచకూడదు. పలుచటి అంచు ఎర్రగా కాలి కరిగిపోతుంది. పని అయ్యాక పేస్టు ఒక్క రవ్వ కూడా మిగలకుండా కడగాలి, లేకపోతే అదే రవ్వ సిలిండరులో చేరి గోడను గీరుతుంది. వాల్వు సీటులోకి దిగినంత మేర కాడ పైకి వస్తుంది కాబట్టి ట్యాపెట్ గ్యాప్ (కాడ చివరకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) మళ్లీ సరిచేయాలి. ఈ ఒక్కటి మరిచి బండి ఇచ్చేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక, చేసిన పనంతా కొన్ని వందల కిలోమీటర్లలో కాలిపోతుంది. కొత్త బైకుల్లో పైపూత ఉన్న వాల్వులు కొన్ని వస్తున్నాయి. పేస్టు ఆ పూతను గీకేస్తుంది కనుక వాటిని గ్రైండ్ చేయొద్దని కంపెనీ మాన్యువల్లోనే ఉంటుంది.

తనంతట తానే కూర్చునేవి

ఈ క్రియకు కర్మ లేని వాడుక కూడా ఉంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ చూడండి. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో దాటగానే బరువు పైకి లేస్తుంది, ఆవిరి పోతుంది, ఒత్తిడి తగ్గగానే బరువు మళ్లీ తన రంధ్రం మీద కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో ఆ కూర్చోవడం కూడా రీసీటే. పప్పు నురగ రంధ్రం అంచున ఎండితే బరువు సరిగా ఆనదు. విజిల్ రాకుండా సన్నగా ఆవిరి పోతూనే ఉంటుంది. బాయిలర్ల సేఫ్టీ వాల్వులకు ‘రీసీట్ ప్రెషర్’ అని విడిగా ఒక అంకె ఉంటుంది. తెరుచుకునే ఒత్తిడి కంటే అది తక్కువ ఉండాలి. రెండూ మరీ దగ్గరగా ఉంటే వాల్వు తెరుచుకోవడం, మూసుకోవడం టకటకా జరిగి, ఆ దెబ్బలకు సీటే దెబ్బతింటుంది.

ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము గాడిలో పడటమూ ఇలాంటిదే. సబ్బునీళ్లు రాసి గాలి కొడితే టప్పుమని శబ్దంతో కూర్చుంటుంది. కూర్చోబెట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటించకూడదు. అప్పటికీ కూర్చోకపోతే గాలి తీసేసి, మళ్లీ సబ్బునీళ్లు రాసి మొదలుపెట్టాలి. పెట్రోలు చల్లి నిప్పంటించే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. దానివల్ల ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది, చేయకండి.

కుర్చీలు, మనుషులు

కుర్చీని రీసీట్ చేయడం అంటే కూర్చునే చోటును కొత్తగా వేయడం. పేము కుర్చీకైతే చట్రం చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి పేము బద్దలను నిలువు, అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, ఆపై రెండు ఐమూలలు, చివర అంచుకట్టు, ఇలా ఏడు దశల్లో అల్లుతారు. బద్దలను ముందు నీళ్లలో నానబెట్టకపోతే మడతల దగ్గర చిట్లుతాయి. మన నులక మంచం, నవారు మంచం మళ్లీ అల్లించుకోవడం ఈ అర్థానికి దగ్గర. ఇంగ్లిష్‌లో ప్యాంటు వెనకభాగం పేరు కూడా సీటే కాబట్టి, అక్కడ చిరిగితే కొత్త గుడ్డ వేయడమూ రీసీటే.

మనుషుల విషయంలో అర్థం మళ్లీ మారుతుంది. ర్యామ్‌ను రీసీట్ చేస్తే అదే సాకెట్లోకి వెళ్తుంది. విమానంలో ప్రయాణికుణ్ని రీసీట్ చేస్తే దాదాపు ఎప్పుడూ వేరే సీట్లోకే. ఎమర్జెన్సీ తలుపు పక్కన పిల్లలు ఉండకూడదు కనుక మారుస్తారు, చిన్న విమానాల్లో బరువు సరితూగడానికి మారుస్తారు. చట్టసభల్లో ఇంకో రకం. అమెరికా ప్రతినిధుల సభ 1967లో, ఎన్నికై వచ్చిన ఆడమ్ క్లేటన్ పావెల్‌ను సభ్యుడిగా కూర్చోనివ్వలేదు. 1969 జనవరిలో, 25 వేల డాలర్ల జరిమానాతో, కూర్చోనిచ్చింది. అదే ఏడాది జూన్‌లో, మొదట అడ్డుకోవడమే రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటిచోట తెలుగులో “సభ్యత్వం పునరుద్ధరించారు” అంటేనే అర్థమవుతుంది.

అందుకే మాన్యువళ్లూ యాప్‌లూ తెలుగులోకి తెచ్చేవారికి ఒక విన్నపం. రీసీట్‌కు ఒకే మాట కట్టేసి అన్నిచోట్లా వాడకండి. “పునఃస్థాపించండి” అని రాస్తే ఇన్‌స్టాల్ చేయమనుకుంటారు, “మళ్లీ అమర్చండి” అంటే ముందు తీయాలని తెలియదు. కంప్యూటర్ భాగాలకు “పూర్తిగా బయటికి తీసి, టక్కుమనే దాకా మళ్లీ నొక్కండి” అని రెండు పనులూ విడిగా చెప్పాలి. వాల్వుకూ కుళాయికీ “సీటు కోయించండి” అనే షాపు మాటే మంచిది. మనిషికి “వేరే సీట్లో కూర్చోబెట్టారు”, కుర్చీకి “అల్లించారు”.

ఈ రెండు దారులకూ మధ్యన నిలిచే పని ఒకటి మన గుళ్లలో ఉంది. మూలవిరాట్టుకూ పీఠానికీ మధ్య సందులో లక్క, గుగ్గిలం, తేనెమైనం లాంటి ఎనిమిది ద్రవ్యాలు నూరిన ముద్దను నింపుతారు. అష్టబంధనం అంటే అదే. ఏళ్ల తరబడి అభిషేకాల నీళ్లకు ఆ ముద్ద పెళుసుబారి ఊడితే నీళ్లు పీఠం కిందికి దిగుతాయి. తిరుమలలో పన్నెండేళ్లకోసారి దాన్ని కొత్తగా నింపుతారు. 2018 ఆగస్టు 12 నుంచి 16 వరకు అది మహాసంప్రోక్షణ పేరుతో జరిగింది. విగ్రహాన్ని కదపరు, పీఠాన్ని చెక్కరు. రెండింటినీ పట్టి ఉంచే ముద్దనే మారుస్తారు.